ఓనమాలు, బిస్మిల్లా - ప్రభుత్వ శిశువిద్య

లౌకికతత్వాన్ని గురించి మన దేశంలో చర్చలు సాధారణంగా శాసనసభలలోను, న్యాయస్థానాలలోను, విశ్వవిద్యాలయ వేదికల మీదను జరుగుతూ ఉంటాయి. ఆ చర్చలలో పాల్గొనేవారందరూ పెద్దవారు. తమ మతమేదో, పొరుగువాని మతమేదో ఎరిగినవారు. ఇష్టం లేనిదానిని కాదనగల నోరు ఉన్నవారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేని మూడేండ్ల పసిబిడ్డను ప్రభుత్వం తన ఖర్చుతో నడిపే శిశువిద్యాకేంద్రంలో చాపమీద కూర్చుండబెట్టినప్పుడు అచ్చట మతానికి ఎంత చోటు ఉండవలెనన్న ప్రశ్నను పట్టించుకొనేవారు అరుదు. ఉర్దూ, తెలుగు రెండు భాషలవారు చదివే ఈ వార్షిక సంచికలో ఆ ప్రశ్నను ప్రస్తావించడం సముచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా రెండు మాటల పుట్టుకను గమనిద్దాం. తెలుగువారు ఏ విద్యకైనా తొలిమెట్టును ‘ఓనమాలు’ అంటారు. వైద్యంలో ఓనమాలు రానివాడని, వ్యవసాయంలో ఓనమాలు తెలియనివాడని వాడుక. పూర్వం వీధిబడిలో పంతులుగారు పిల్లవాని వ్రేలు పట్టుకొని ఇసుకలో దిద్దించిన మొదటి అక్షరాలు ‘ఓం నమః శివాయ, సిద్ధం నమః’ అనేవి. అందులో శివుని పేరు ఉన్నది. వెనుకటి ‘సిద్ధం నమః’లో జైనుల నాటి ఆచారపు ఛాయ ఉన్నదని పండితులు చెబుతారు. కాలక్రమాన శివభక్తీ, జైనమూ కూడా ఆ మాట నుండి తప్పుకొన్నవి. ఈనాడు ‘ఓనమాలు’ అని పలికే ముస్లిం గాని, క్రైస్తవుడు గాని తాను మంత్రం చదువుతున్నానని అనుకోడు. ఉర్దూలోను ఇదే కథ. ఏ పనినైనా మొదలుపెట్టడాన్ని ‘బిస్మిల్లా కర్నా’ అంటారు. బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినాలు నిండిననాడు ‘బిస్మిల్లా ఖ్వానీ’ జరిపి, కొత్త బట్టలు తొడిగి, పెద్దల సమక్షంలో దివ్య ఖురాన్‌లోని ‘ఇఖ్రా’, అనగా చదువుమనే ఆదేశంతో ఆరంభమయ్యే వాక్యాలను పలికించడం దక్కను ముస్లిం కుటుంబాలలో తరతరాల ఆచారం. హిందువుల ఇండ్లలో పళ్ళెంలో బియ్యం పోసి, సరస్వతీదేవి పటం ముందు, తల్లిదండ్రుల ఒడిలో బిడ్డను కూర్చుండబెట్టి అక్షరాభ్యాసం చేయిస్తారు. బాసర క్షేత్రం ఇందుకు ప్రసిద్ధం. చదువు దైవమిచ్చిన వరమని, దానిని వినయంతో అందుకొనవలెనని రెండు ఆచారాల భావం. ఇవి అందమైనవి. వీటిలో దేనినీ తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. వీటిని జరిపించే బాధ్యత ఎవరిదన్నదే నా ప్రశ్న.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చినదనగా, ఉభయ తెలుగు రాష్ట్రాలలోను అంగన్‌వాడీ కేంద్రాలలో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ‘సామూహిక అక్షరాభ్యాసం’ జరపడం పరిపాటి అయినది. తెలంగాణలో జూన్ మాసంలో జరిగే ‘బడిబాట’ కార్యక్రమంలో అది ఒక అంశంగానే చేరిపోయినది. సరస్వతీ పటం, పసుపు, కుంకుమ, పలకలు, బలపాలు సిద్ధం చేస్తారు. ఊరి పెద్దలు, అధికారులు వస్తారు. ఫోటోలు తీస్తారు. మరుదినం పత్రికలో చిన్న వార్త వస్తుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ప్రైవేటు కాన్వెంట్లకు పోతున్న పిల్లలను ప్రభుత్వ బడికి రప్పించవలెనన్నదే వారి ఆరాటం. తల్లులకు నచ్చిన వేడుక ఒకటి పెడితే బడి మీద మమకారం పెరుగుతుందని వారి లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేము.

దీనిని ఆక్షేపించబోయేవారికి వెంటనే ఎదురయ్యే సమాధానం మన చిలకలూరిపేట ప్రాంతపు మతసామరస్యం. కోటప్పకొండ తిరునాళ్లకు ఈ చుట్టుపట్ల గ్రామాల నుండి ఆకాశాన్నంటే ప్రభలు కట్టుకొని వెళుతుంటే ఆ వేడుక చూడడానికి ఎవరి మతమూ అడ్డురాదు. పీర్ల పండుగనాడు నిప్పులగుండం చుట్టూ చేరేవారిలో హిందువులే అధికంగా ఉన్న ఊళ్ళు పల్నాటిలో ఎన్నో. అన్నింటికంటె నా మనసుకు హత్తుకొనే దృశ్యం మరొకటి ఉన్నది. బిడ్డకు జ్వరం తగిలినా, దడుపు చేసినా, మగ్‌రిబ్ నమాజు వేళకు మసీదు మెట్ల దగ్గర బిడ్డను ఎత్తుకొని హిందూ తల్లులు నిలబడి ఉంటారు. నమాజు ముగించి బయటకు వచ్చేవారు ఒక్కొక్కరుగా ఆ బిడ్డ మీద దువా చదివి ఊది వెళుతుంటారు. ఆంధ్రదేశంలో ఎన్నో ఊళ్ళలో ఇది మామూలు. ఇంతటి కలుపుగోలుతనం ఉన్నచోట పలక మీద ఓంకారం దిద్దిస్తే వచ్చే నష్టమేమని అడుగుతారు.

ఈ వాదన పైకి కనిపించినంత బలమైనది కాదు. మసీదు మెట్ల దగ్గర నిలిచిన తల్లిని అచ్చటికి రమ్మన్నవారు ఎవరూ లేరు. రాకపోతే అడిగేవారూ లేరు. ఆమె బిడ్డకు రావలసినదేదీ ఆగిపోదు. తిరునాళ్ళకు వెళ్ళే ముస్లిం యువకునికీ అంతే. ప్రజలు తమంత తాము ఒకరి ఇంటికి మరొకరు పోవడం సామరస్యం. ప్రభుత్వం అందరి సొమ్ముతో కట్టిన ఇంటిలో అందరి బిడ్డల చేత ఒకరి పూజను చేయించడం వేరు విషయం. మొదటిదానిని చూపించి రెండవదానిని సమర్థించడం మన ప్రాంతంలో అలవాటైన పొరపాటు. సామరస్యం ఎంత గొప్పదైనా అది ప్రజల ఆస్తి, ప్రభుత్వం దానిని తన ఖాతాలో వ్రాసుకొనరాదు.

ఇక అంగన్‌వాడీకి వచ్చే తల్లి స్థితి ఆలోచించండి. పల్నాటి మెట్టపొలాలలో మిరపకోతల వేళ తెల్లవారకముందే ఆటోలలో కూలికి బయలుదేరే స్త్రీ తన మూడేండ్ల బిడ్డను ఎచ్చట విడిచి పోగలదు? పత్తి మిల్లుకు పోయే స్త్రీకీ అదే చిక్కు. అంగన్‌వాడీలో బిడ్డకు గుడ్డు దొరుకుతుంది, పాలు దొరుకుతాయి, టీకాల లెక్క చూస్తారు, నీడపట్టున మధ్యాహ్నం దాకా ఉంచుకొంటారు. ఆమె అచ్చటికి లౌకికతత్వం మీద అభిప్రాయం చెప్పడానికి రాలేదు. అక్షరాభ్యాసంనాడు ఆమెకు కొంచెం సంకోచం కలిగినా, “మా బిడ్డకు వద్దమ్మా” అని ఆమె అనదు. రేపు గుడ్డు ఇచ్చేది ఆ చేతులే. అంగన్‌వాడీ కార్యకర్త దయగలదే కావచ్చు, ఆ కారణంగా బిడ్డను వేరుగా చూడకపోవచ్చు. కాని తల్లికి ఆ సంగతి ముందుగా ఎట్లు తెలుస్తుంది? అక్కరలో ఉన్నవారు ఇచ్చే అంగీకారానికి, నిశ్చింతగా ఉన్నవారు ఇచ్చే అంగీకారానికి విలువ ఒకటి కాదు. ఇక బిడ్డ సంగతి. కళాశాల విద్యార్థి ప్రార్థన వేళ మౌనంగా నిలబడి తన విశ్వాసం తాను నిలుపుకొనగలడు. మూడేండ్ల బిడ్డకు పాల్గొనడం, చూడడం అనే భేదమే లేదు. పక్కబిడ్డ చేతులు జోడిస్తే తానూ జోడిస్తుంది. ఒక్కదానినే పక్కకు పిలిచి కూర్చుండబెడితే తానేదో తప్పు చేసితిననుకొని ఏడుస్తుంది.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ చిక్కును ఊహించకపోలేదు. దీని చరిత్ర ఇంకా వెనుకకు పోతుంది. 1854లో వచ్చిన ఉడ్ విద్యాపత్రం ప్రభుత్వ పాఠశాలలలో చదువు లౌకికంగానే ఉండవలెనని, ప్రైవేటు పాఠశాలలకు గ్రాంటు ఇచ్చేటప్పుడు అచ్చటి మతబోధను లెక్కలోనికి తీసికొనక, మిగిలిన చదువు ఎట్లున్నదో చూడవలెనని నిర్ణయించినది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయరు ఆ తరువాత పల్నాటిలోను పనిచేసినారు. ఆ మిషన్ల బడులు లేకపోతే ఈ ప్రాంతంలో అంటరానివారుగా చూడబడిన ఎన్నో కుటుంబాలకు అక్షరం అందేదే కాదు. అచ్చట బైబిలు పాఠం ఉండేది. తల్లిదండ్రులకు ఆ సంగతి తెలిసే పంపేవారు. చదువు కావలెనంటే అదొక్కటే దారి గనుక పంపేవారనడమూ సత్యమే. అక్కర, అంగీకారం అనే చిక్కు ఈనాటిది కాదన్నమాట.

1948 డిసెంబరు 7న రాజ్యాంగ పరిషత్తులో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ చెప్పిన కారణాలు నేటికీ చదువదగినవి. ఏ ఒక్క మతం కోసమూ పౌరుని చేత పన్ను కట్టించరాదని రాజ్యాంగమే చెబుతూ ఉండగా, ఆ పన్నుల సొమ్ముతో మతబోధ చేయడం పొసగదన్నది ఒకటి. ఈ దేశంలో ఉన్న ఇన్ని మతాలకు, ఒక్కొక్క మతంలోని ఇన్ని శాఖలకు ఒకే బడిలో న్యాయం చేయడం సాధ్యం కాదన్నది మరొకటి. ముక్తికి మార్గం తనదొక్కటేనని ప్రతి మతమూ చెబుతూ ఉంటే బడి ప్రశాంతత చెడుతుందని కూడా ఆయన మొగమోటం లేకుండా చెప్పినారు. ఫలితంగా 28వ అధికరణం వచ్చినది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపుగాని, సహాయంగాని పొందిన సంస్థలో మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మని ఎవరినీ నిర్బంధించరాదు. మైనరు విషయంలో సంరక్షకుని అంగీకారం ఉండవలెను.

అంగన్‌వాడీ అసలు విద్యాసంస్థ కాదని న్యాయవాది ఎవరైనా వాదించవచ్చు. నిజమే, 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష వంటి ఆరు సేవలుంటే, వాటిలో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. ఆ కేంద్రాలు విద్యాశాఖ క్రింద కాక స్త్రీ శిశు సంక్షేమ శాఖ క్రింద ఉన్నవి. కాని 2002లో 86వ సవరణ ద్వారా 45వ అధికరణాన్ని తిరిగి వ్రాసినప్పుడు ఆరేండ్లు నిండేవరకు పిల్లలందరికీ శిశుసంరక్షణతో పాటు విద్యను కూడా సమకూర్చడానికి రాజ్యం పాటుపడవలెనని స్పష్టంగా చేర్చినారు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేండ్ల వరకు ఒకే పునాది దశగా లెక్కించినది. కనుక అది బడి కాదన్న మాట ఇక నిలువదు.

అక్షరాభ్యాసం మతబోధ ఎట్లగునని మరొక ప్రశ్న. 1971లో డి.ఏ.వి. కళాశాల వ్యాజ్యంలోను, 2002లో అరుణా రాయ్ వ్యాజ్యంలోను సుప్రీంకోర్టు మతాలను గురించి తెలియజెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు అన్నది. ఈ భేదం మంచిదే. కళాశాలలో గురునానక్ జీవితాన్నో, బుద్ధుని బోధలనో, ఇస్లాం చరిత్రనో చదివితే మన విద్యార్థి చెడిపోడు, బాగుపడతాడు. కాని పటం ముందు పసుపు కుంకుమలతో పలకను పూజించడం మతాన్ని గురించి తెలియజెప్పడం కాదు. అది ఆరాధన. మూడేండ్ల వయసులో ‘గురించి’ అనే మాటకు అర్థమే లేదు. బిడ్డకు చేసినదే తెలుస్తుంది. సంరక్షకుని అంగీకారం అనే కవచం ఆ వయసులో ఎంత పలుచనిదో పైన చెప్పినాను. కవచం పలుచనైనచోట ఒడుపుగా తప్పుకొనవలసినవాడు ప్రభుత్వమే.

విద్యార్థి మిత్రులారా, ఇంతవరకు చదివి తల ఊపినవారు ఇక వచ్చే మాటను కూడా వినవలెను. 2019 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఉదయ ప్రార్థనలో ఇక్బాల్ కవి బాలల కొరకు 1902లో వ్రాసిన ప్రార్థనాగీతాన్ని పాడించినారని ఫిర్యాదు రాగా సస్పెండు అయినారు. 2022 డిసెంబరులో బరేలీ జిల్లాలోను ఇటువంటిదే జరిగినది. మనకు బాధ కలిగినది, కలుగవలసినదే. ఆ గీతంలో బీదవారికి అండగా నిలవవలెనన్న కోరిక తప్ప ద్వేషం లేదు. ఒక పాట పాడించినందుకు గురువును శిక్షించడం అన్యాయం. అదే కాలంలో కేంద్రీయ విద్యాలయాలలో పాడే సంస్కృత ప్రార్థన మీద వేసిన పిటిషన్‌ను 2019 జనవరిలో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి నివేదించినది. ఆ సంస్కృత వాక్యాలలోను చీకటి నుండి వెలుగులోకి పోవలెనన్న కోరికే తప్ప ద్వేషం లేదు. ఇప్పుడు మనం రెండు తక్కెడలు పట్టుకొనవచ్చునా? మన ప్రార్థన సాహిత్యం, వారి ప్రార్థన మతం అని ఒకరు, వారి ప్రార్థన మతం, మన ప్రార్థన సంస్కృతి అని మరొకరు వాదిస్తూ కూర్చుంటే దానికి అంతు ఉండదు. రెండూ ప్రార్థనలే. రెండూ సుందరమైనవే. అన్ని మతాల బిడ్డలు చదివే ప్రభుత్వ బడిలో ఏదీ విధిగా ఉండరాదు, దేనిని పాడినందుకూ గురువును వీధిన పడవేయరాదు. ఈ మాటను మనం మనవైపు నుండి కూడా చెప్పగలిగితేనే ఎదుటివారు వింటారు.

అయితే, మతపు వాసన తగలకుండా బడిని కడిగివేయమని నేను అనడం లేదు. ఈ విషయంలో పరదేశాల అనుభవం మనకు హెచ్చరికగా పనికివస్తుంది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 2010 డిసెంబరులో, ప్రభుత్వ సహాయం పొందే శిశుకేంద్రాలలో మతబోధ చేయరాదని ఆదేశించినది. పండుగను సంస్కృతిగా జరుపుకొనవచ్చు, విశ్వాసంగా బోధింపరాదన్నది. వినడానికి బాగున్నది. కాని క్రిస్మస్ చెట్టు పెట్టి, అది ఎవరి పుట్టినరోజని బిడ్డ అడిగితే పంతులమ్మ ఏమి చెప్పవలెను? దానిని తనిఖీ చేయడానికి ఇన్‌స్పెక్టరు రావలెనా? ఫ్రాన్సులో మరొక అడుగు ముందుకు వేసి 2004 చట్టంతో ప్రభుత్వ బడి పిల్లలు మతచిహ్నాలు ప్రస్ఫుటంగా ధరించడాన్నే నిషేధించినారు. బడిపిల్లలను విహారానికి తీసికొనిపోయేటప్పుడు తోడుగా వచ్చే తల్లి తలగుడ్డ కట్టుకొనవచ్చునా లేదా అనేదాకా వివాదం పోయినది. మనకు ఆ దారి వద్దు. మన అంగన్‌వాడీలో ఒక బిడ్డ నుదుట బొట్టు ఉంటుంది, ఒక బిడ్డ మెడలో తాయెత్తు ఉంటుంది, మరొక బిడ్డకు సిలువ ఉన్న గొలుసు ఉంటుంది. వాటిని తీయమనే అధికారం ఎవరికీ లేదు. బిడ్డ తన ఇంటి నుండి తెచ్చుకొన్నది బిడ్డది. సంస్థ తన చేతులతో చేసేది మాత్రం అందరికీ చెందినదై ఉండవలెను.

కనుక మొదటి దినం వేడుకను మానవలసిన పని లేదు. పళ్ళెంలో బియ్యం ఉండనిండి, బియ్యానికి మతం లేదు. తల్లి ఒడి ఉండనిండి. పలక, బలపం, బెల్లం ముక్క, వచ్చినవారందరి ఆశీర్వచనం ఉండనిండి. తెలుగు బిడ్డ ‘అ’ దిద్దుతుంది, ఇంటిలో ఉర్దూ మాట్లాడే బిడ్డ ‘అలిఫ్’ దిద్దుతుంది. పూజ ఇంటిలో గాని గుడిలో గాని ముందే జరుపుకొని రావచ్చు. బిస్మిల్లా ఖ్వానీ ఇంటిలోనే జరుగుతున్నది, అందుకు ఏ ముస్లిం తండ్రీ ప్రభుత్వాన్ని అర్థించలేదు. సరిగా అదే హద్దు అందరికీ చాలును. అక్షరమాల పటంలో ‘ఋ’కు ఎదురుగా ఋషి బొమ్మ ఉన్నదని ఎవరైనా ఆక్షేపిస్తే అది చాదస్తం. ఆ అక్షరంతో మొదలయ్యే మాటలే తెలుగులో పిడికెడు. పండుగల ముచ్చట్లు కూడా చెప్పుకొననిండి, సంక్రాంతి గొబ్బెమ్మలు, రంజాను సేమియా, క్రిస్మస్ నక్షత్రం అన్నీ చిన్నపిల్లల లోకంలోనివే. తినడానికి ఏదైనా ఉన్న పండుగను వారు ఏ మతం వారైనా వదలరు.

భాషను మతంతో ముడిపెట్టడం వల్ల వచ్చే అనర్థం ఇచ్చట చెప్పక తప్పదు. ఉర్దూలో అంగన్‌వాడీ పాఠం కావలెనంటే అది మతకోరిక అని కొందరు అనుకొంటారు. 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో విద్యను గురించి చెబుతున్నది గాని మతాన్ని గురించి కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసినది. మరొకవైపు పల్నాటిలో నూర్‌బాషా కుటుంబాలు ఎన్నో ఇంటిలో తెలుగే మాట్లాడుతాయి, వారి బిడ్డకు ఉర్దూ వాచకం ఇవ్వడం ముస్లిం అనే పేరును చూచి చేసే పొరపాటే. ఉర్దూ బాలల వాచకాలకు మూలపురుషుడైన ఇస్మాయిల్ మేరఠీ వ్రాసిన పాఠాలలో అందరూ ఎరిగినది ఆవు మీద గీతం. తరతరాల ముస్లిం బాలలు ఉర్దూ అక్షరాలతో పాటు ఆవు మీద ప్రేమను కూడా ఆయన దగ్గరే నేర్చుకొన్నారు. ఇటు మన వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి జాషువా 1932లో పారసీక కవిని నాయకునిగా చేసి ‘ఫిరదౌసి’ వ్రాసినారు, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకొన్నారు. పురాణ కథలు వ్రాసినందుకు తనవారి కోపాన్ని, కులం కారణంగా ఎదుటివారి తిరస్కారాన్ని భరించినది కూడా ఆయనే. భాష ఎవరి మతానికీ కౌలుకు ఇచ్చిన పొలం కాదని ఈ ఇద్దరినీ చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచ్చట మరొక రెండు చిన్న విషయాలు. 1948-49లో రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం దినచర్యను కొన్ని నిమిషాల మౌనధ్యానంతో ఆరంభించమన్నది, 1959లో నియమించిన శ్రీప్రకాశ సంఘం కూడా ఆ మాటనే సమర్థించినది. కళాశాలలకు ఇది చక్కని పద్ధతి. అంగన్‌వాడీలో ఇరవై మంది మూడేండ్ల పిల్లలను ఒక్క నిమిషం మౌనంగా ఉంచగలవారు ఎవరైనా ఉంటే వారిని చూడవలెనని ఉన్నది! రెండవది, 2022 పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రంలో తైత్తిరీయోపనిషత్తులోని పంచకోశ భావనను ప్రస్తావించినారు. దేహం, ప్రాణం, మనస్సు అన్నీ పెరగవలెనన్న ఆ భావాన్ని కాదనేవారు లేరు. కాని అన్నమయ కోశమని పేరు పెట్టినందువల్ల బిడ్డకు అన్నం ఎక్కువ దొరకదు. ఈ మాట ఎందుకు అంటున్నానంటే, 2015లో మధ్యప్రదేశ్‌లో అంగన్‌వాడీలలో గుడ్డు పెట్టడానికి అప్పటి ముఖ్యమంత్రి నిరాకరించినారు. ఒకరి ఆహారనియమం అందరి పళ్ళెంలోని గుడ్డును తీసివేయగలదు. మన రాష్ట్రంలో ఆ గొడవ లేదు, గుడ్డు తినని బిడ్డ తినడు, తినే బిడ్డ తింటాడు. అక్షరాభ్యాసం విషయంలో నేను కోరేది ఈ గుడ్డు న్యాయమే.

ఈ వ్యాసాన్ని చదివి అంగన్‌వాడీ కార్యకర్తల మీద ఎవరూ నింద మోపవద్దు. గౌరవవేతనమనే పేరుతో వారికి ఇచ్చేది ఎంత స్వల్పమో, వారి చేత నింపించే రిజిస్టర్లు ఎన్నో అందరికీ తెలుసు. 2023 డిసెంబరు నుండి 2024 జనవరి దాకా మన రాష్ట్రంలో వారు 42 దినాలు సమ్మె చేసినారు, మధ్యలో ఎస్మా ప్రయోగించినా వెనుకకు తగ్గలేదు. పైనుండి వచ్చిన కార్యక్రమ పట్టికలో అక్షరాభ్యాసం అని ఉంటే ఆమె చేస్తుంది, తొలి అక్షర దినమని ఉంటే అదీ చేస్తుంది. మారవలసినది పట్టిక.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మైనారిటీ సంస్థలు కళాశాలతో ఆగక నర్సరీ తరగతులు కూడా తెరవడం నేడు అన్నిచోట్లా జరుగుతున్నది. 30వ అధికరణం మనకు ఆ హక్కునిచ్చినది. మన కమిటీ కూడా ఎప్పుడైనా అటువంటి ప్రయత్నం చేస్తే, ప్రభుత్వాన్ని మనమడిగే న్యాయం మన గుమ్మంలో కూడా ఉండవలెను. మన నర్సరీకి హిందూ బిడ్డ వస్తాడు, క్రైస్తవ బిడ్డ వస్తాడు. ఫీజు తక్కువనో, ఇంటికి దగ్గరనో వస్తారు. అచ్చట దీనియాత్ పాఠం ఉంటే ఆ బిడ్డ దానిలో కూర్చోవలెనా? 28వ అధికరణం తండ్రి సంతకం తీసుకొమ్మంటున్నది. చేర్పించే దినం ఇచ్చే ఫారాల కట్టలో చిన్న అక్షరాల వరుసగా దానిని కలిపి సంతకం తీసుకొంటే చట్టం తృప్తిపడవచ్చు, న్యాయం జరగదు. సీటు ఇవ్వడం పూర్తి అయిన తరువాత, వేరు కాగితం మీద, తండ్రికి తెలిసిన భాషలో ఆ ప్రశ్న అడగవలెను. వద్దన్న బిడ్డకు ఆ గంటలో బొమ్మలో, పాటలో, ఇసుకలో ఆటో ఉండవలెను. ఆ బిడ్డ ఒంటరిగా వరండాలో కూర్చోరాదు. అందుకంటె సులువైన మార్గం కూడా ఉన్నది. మన బిడ్డలు తెల్లవారుజామున మసీదులోని మక్తబ్‌కు పోయి ఖురాన్ చదువుకొని, ఆ తరువాత బడికి పోతారు. ఆ పద్ధతి మన పెద్దలది. దీనియాత్‌ను బడి గంటలకు వెలుపల పెట్టితే మనకు పోయేదేమీ లేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు.

ఆ కాగితం ముసాయిదాను వ్రాసే పని విద్యార్థులకే అప్పగించవచ్చు. ఉర్దూ శాఖవారు ఒక ప్రతి, తెలుగు శాఖవారు ఒక ప్రతి వ్రాసి, ఒకరి ప్రతిని మరొకరు దిద్దవలెను. జాతీయ సేవా పథకం విద్యార్థులు వేసవి సెలవులలో తమ వార్డులోని అంగన్‌వాడీకి పోయి, అచ్చటి తల్లులలో ఎందరికి ఇంటిలో ఏ భాష వాడుకలో ఉన్నదో వ్రాసుకొని వస్తే జూన్‌లో మొదటి దినానికి ‘అ’ పలకలు ఎన్ని, ‘అలిఫ్’ పలకలు ఎన్ని కావలెనో కార్యకర్తకు ముందుగా చెప్పవచ్చు. బియ్యం ఒక కుంచెడు చాలును.